మైకు గొట్టం పాస్ చేసిన ఆల్బమ్

ముందు చెవులు

రికార్డింగు పనిలోకి వస్తన్న పిల్లలూ, ముందు వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చేక ఇది చదవండి. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని నన్ను ఫోన్లో అడుగుతుంటారు. అవన్నీ నాకంటే మీకే బాగా తెలుసు. మీకు తెలియనిది ఒకటే. ఈ పనిలో మొట్టమొదటి పనిముట్టు మీ తలకి రెండు పక్కలా ఉంది, దానికి గ్యారంటీ కార్డు లేదు.

నేను రాయడానికి కూర్చుంటే కాలు నిలవదు. రెండు లైన్లు రాస్తాను, లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొస్తాను, మళ్ళీ కూర్చుంటాను. "ఆ కుర్చీలో ముళ్ళున్నాయేటి?" అంటాది మా ఆవిడ కాంతం. ఉన్నాయి మరి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఎన్నేళ్ళు పనిచేసేను, ఎవరెవరి పక్కన నిలబడి ఫొటో దిగేను, అవి రాయను. ఒక్క ఆల్బమ్ గురించి రాస్తాను. నా ఆఖరి ఆల్బమ్ అది. నా చేతులారా ఒక అమ్మాయి గొంతు పాడుచేసేను. తెలిసేక కూడా నాలుగు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. మీకు పనికొచ్చేది నా దగ్గర ఏదైనా ఉందంటే అది ఇదే.

పరదేశి గారి చదువు

నేను పని నేర్చుకున్నది ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కాదు. చోడవరంలో పరదేశి గారని మైకు సెట్టు కొట్టు ఆయన ఉండేవారు. పెళ్ళయినా, తీర్థమయినా, ఎలక్షనయినా ఆయన మైకులే. డిగ్రీ తప్పి ఆ కొట్లో చేరేను. ఆయన నాకు నేర్పిన మొదటి సూత్రం, "గొట్టంలో బాగుంటే ఎక్కడైనా బాగుంటాదిరా." గొట్టం అంటే డాబాల మీదా కరెంటు స్తంభాలకీ కట్టే హారన్ మైకు. ఏ పాటైనా దాన్లో వేసి, వీధి చివరికెళ్ళి నిలబడి వినాలి. మాట తెలిసిందా, పాస్. తెలియలేదా, మళ్ళీ చెయ్యి.

ఆ తర్వాత విశాఖపట్నం వెళ్ళి స్టూడియోల్లో చాలాకాలం పనిచేసేను. భక్తి పాటలు, బుర్రకథలు, పార్టీల పాటలు, ఒకటని కాదు. చోడవరం తిరిగొచ్చి ఇంటి వెనక గదిలో సొంత స్టూడియో పెట్టుకున్నప్పుడు, పరదేశి గారి పాత గొట్టం ఒకటి తెచ్చి డాబా మీద కట్టేను. ఖరీదైన స్పీకర్లు లోపల ఉన్నా ఆఖరి తీర్పు గొట్టానిదే. "గొట్టం పాస్ చేసింది" అంటే పని అయిపోయినట్టే. మా దగ్గర పాడినవాళ్ళందరికీ ఆ మాట తెలుసు.

పరదేశి గారి గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆఖరి రోజుల్లో ఆయనకి చెవులు తగ్గిపోయేయి. జీవితమంతా గొట్టాల ముందు నిలబడితే తగ్గవా మరి! సన్నటి పై చప్పుళ్ళు పెంచే ట్రెబుల్ నాబ్ మొత్తం తిప్పేసి "ఇప్పుడు బాగుందిరా" అనేవారు. పెళ్ళిలో ఆడవాళ్ళు చెవులు మూసుకునేవారు. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఆయన మొహం మీద ఒక్కడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గురువుగారికి ఎలా చెప్తాం అనుకున్నాను. అది గౌరవం అనుకున్నాను గానీ, పిరికితనం అని ఇప్పుడు తెలుస్తంది.

గానుగ

నూకరాజు దేవరాపల్లి కుర్రాడు. సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు. సత్యవేణి వాడి భార్య చెల్లెలు, బుచ్చయ్యపేటలో ప్రైవేటు బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్తాది. బావా మరదలూ కలిసి "గానుగ" అని పేరు పెట్టుకుని పాటలు కట్టేరు. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ మా గుమ్మంలోకి వచ్చేరు. నూకరాజు నెత్తిమీద బెడ్‌షీటులో చుట్టిన పాత కీబోర్డు ఉంది.

"ఇదేట్రా, పెళ్ళికి సారె తెచ్చేవా?" అన్నాను.

"సింథ్ అండి మాస్టారూ. పాత మోడలు. ఒక ఆర్కెస్ట్రా ఆయన ఇచ్చేసేడు. దీంతో ఆల్బమ్ సేద్దామని."

డ్రమ్ములుండవు, తబలా ఉండదు, ఫ్లూటు ఉండదు. అంతా ఆ యంత్రంలోంచి పుట్టిన చప్పుడే, దాని మీద ఒక్క గొంతు. సింథ్‌పాప్ అంటారట. నేను మొహం చిట్లించేను. ఈ కరెంటు కూతలకి నా గది కావాలా అనుకున్నాను. అప్పుడు నూకరాజు ఫోన్లోంచి ఒక చప్పుడు వినిపించేడు. చీడికాడ దగ్గర చెరకాడే గానుగ, దాని డీజిల్ ఇంజను డుగడుగ. దాన్నే కత్తిరించి, సాగదీసి తాళం చేసేడు. దాని కింద సింథ్ సన్నగా లేస్తంది. నా కాలు నన్నడక్కుండా ఆడడం మొదలెట్టింది.

"మీరు కాదంటే ఇంకెక్కడికీ ఎల్లం మాస్టారూ," అంది సత్యవేణి. "మీ సెవి మీద మాకు నమ్మకం."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోలేకపోతన్నాను.

రికార్డింగు

ఆదివారాలే పని. బడి సెలవు కదా. గది గోడలకి కోడిగుడ్ల అట్టలు, తలుపుకి పాత పరుపు. బయట రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు. ఒక ట్రాక్టరు వెళ్ళేక ఇంకోటి వచ్చేలోపు ఒక చరణం పాడెయ్యాలి. ఆ సింథ్‌కి ఒక జబ్బుంది, వేడెక్కితే శ్రుతి దిగిపోతాది. అందుకని గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పి, చప్పుడు రాకూడదని పాట మొదలయ్యే ముందు ఆపేవాళ్ళం. పాడే మనిషికి ఆ గాలి కూడా లేదు.

"ఓలమ్మో, కీబోర్డుకి ఫ్యానూ, నాకు సెమటానా బావా?"

"నీ సుతి దిగిపోదు కదే, దాని సుతి దిగిపోతాది."

మొదటి పాట "చెప్పకుండా వెళ్ళిపోకు." మాటలు ఆమె రాసుకున్నవే. పాడింది. శ్రుతి ఉంది, తాళం ఉంది, ప్రాణం లేదు. నేను ఆపేను.

"ఏటమ్మా ఇది, పాఠం ఒప్పజెప్తన్నావా?"

"పాటంటే సుద్దంగా ఉండాలి కదండీ మాస్టారూ. బళ్ళో మేడమ్ గారు కూడా అలాగే సెప్తారు."

"బడి సంగతి వదిలెయ్యి. మీ అమ్మతో దెబ్బలాడినప్పుడు ఎలా అంటావు?"

ఆమె ఫక్కున నవ్వింది. కళ్ళు తుడుచుకుని, హెడ్‌ఫోన్స్ సర్దుకుని మళ్ళీ పాడింది. "సెప్పకుండ ఎల్లిపోకు సిన్నవాడా, సెరుకు సేను తడి ఇంకా ఆరనేదు." నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నూకరాజు గోడకానుకుని తల వంచుకున్నాడు. అంతే, ఎనిమిది పాటలూ అలాగే, చ ని స అనే మా ఇళ్ళ యాసలోనే పాడించేను. ఆల్బమ్ పేరు కూడా "సెరుకు సేను" అని నేనే పెట్టించేను. ఆ పిల్ల నోట ఇంటి మాట పలికించింది నేనే. ఇదీ గుర్తుపెట్టుకోండి.

పాడేవాళ్ళ దగ్గర మీరు చెయ్యగలిగిన గొప్ప పని అదే. వాళ్ళు భయపడి దాచుకున్నదాన్ని బయటికి రప్పించడం. ఆ పని నేను చేసేను. ఆ సంగతి ఒప్పుకోడానికి నాకేం సిగ్గులేదు. చెడగొట్టింది ఆ తర్వాత.

మెరుపు చాలలేదు

మిక్సింగు మొదలెట్టేను. మిక్సింగంటే ఇంజనుదీ సింథ్‌దీ గొంతుదీ ఎవరి చోటు వాళ్ళకి చూపించడం. నాకు సత్యవేణి గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించేది. ముందు మైకుని అనుమానించేను. తర్వాత వైరుని. తర్వాత ఆ గుడ్ల అట్టల్ని. నన్ను నేను తప్ప అన్నిటినీ అనుమానించేను. గొంతులో పై చప్పుళ్ళు కొంచెం పెంచేను. మర్నాడు ఇంకొంచెం. ఎంత పెంచినా మెరుపు చాలదు. స అన్నప్పుడు పళ్ళ మధ్య పుట్టే సూది చప్పుడుంటాది కదా, దాన్ని అణచడానికి సాఫ్ట్‌వేర్లో ఒక పనిముట్టు ఉంటాది. నూకరాజు దాన్ని పెట్టి ఉంచేడు. ఇదే గొంతుని నొక్కేస్తందనుకుని తీసి పారేసేను.

వాడు విన్నాడు. కాసేపు అటూ ఇటూ కదిలేడు.

"మాస్టారూ... స దగ్గర కొద్దిగా గుచ్చతన్నట్టుందండి."

"ఎక్కడ్రా?"

"అన్ని సోట్లానండి. పాట నిండా స లే కదండీ."

నాకు ముక్కు మీద కోపం. "ఒరే నూకరాజూ, నువ్వు పాట కట్టేవు, నేను వింటన్నాను. ఎవడి పని వాడు చేసుకుంటే బాగుంటాది. నువ్వు పుట్టకముందు నుంచీ వింటన్నాను నేను."

వాడు మొహం మాడ్చుకుని "సరేనండి" అన్నాడు. పరదేశి గారి ముందు నేనన్న "సరేనండి" కూడా అచ్చం ఇలాగే ఉండేది. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఆఖరికి గొట్టం పరీక్ష. సాయంత్రం నాలుగింటికి డాబా మీద గొట్టంలో ఎనిమిది పాటలూ వేసేం. ముగ్గురం వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. గానుగ డుగడుగ, దాని మీద సత్యవేణి. ప్రతి మాటా స్పష్టంగా తెలిసింది. టీ కొట్టు ఆయన గిన్నె దించేసి, "ఎవుర్దండీ ఈ పాట, మనోళ్ళ మాటలాగే ఉంది?" అన్నాడు. సైకిలు మీద పోతున్న ముసలాయన ఒకడు కాలు కింద పెట్టి పాట అయ్యేదాకా కదల్లేదు. సత్యవేణి రెండు చేతుల్తో నోరు మూసుకుంది. నూకరాజు మొహంలో అనుమానం కూడా పోయింది.

"పాస్!" అన్నాను. వీధిలోనే ముగ్గురం గంతులేసినంత పనయింది.

ఇందులో మోసం ఎక్కడుందో మీకీపాటికి తెలిసే ఉంటాది. గొట్టానికి మధ్య గొంతే ఉంటాది. కింద బేసూ పలకదు, పైన సూది చప్పుళ్ళూ పలకవు. నేను పాడుచేసిన భాగం ఏదో, సరిగ్గా ఆ భాగమే గొట్టంలో రాదు. నా చెవీ గొట్టమూ ఒకే చోట చెవిటివి. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి.

విన్నవాళ్ళు

ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టేరు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ముందు బాగానే పాకింది. దేవరాపల్లిలో ఒక పెళ్ళి ఊరేగింపులో మైకులో వేసేరు, అదీ గొట్టమే కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్ళు మొదలయ్యేరు. విశాఖపట్నంలో, హైదరాబాదులో, బస్సుల్లో, ఆఫీసుల్లో. ఇవాళ లోకం వినేది అలాగే కదా.

"ట్యూన్ బాగుంది, గొంతు సూదుల్లా ఉంది." "ఇయర్‌ఫోన్స్ తీసేసేను బాబోయ్." "ఈ అమ్మాయికి చ పలకదా?" "పళ్ళ సందుల్లోంచి పాడుతోంది." పాటల గురించి వీడియోలు చేసే పెద్దమనిషి ఒకాయన అందరికంటే మర్యాదగా మాట్లాడి అందరికంటే ఎక్కువ చెడుపు చేసేడు. సంగీతం కొత్తగా ఉందన్నాడు. యాసలో పాడటం సరదాయే గానీ గాయని ఉచ్చారణ మీద శ్రద్ధ పెట్టాలి అన్నాడు.

సత్యవేణి ఒక ఆదివారం ఒక్కర్తే వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మాస్టారూ, నిజం సెప్పండి. నా గొంతు అలా గుచ్చుతాదా?"

నాకు గుచ్చలేదు. నాకు బంగారంలా వినిపిస్తంది. ఇంతమందికి గుచ్చుతోందంటే తప్పు ఎక్కడో ఉండాలి, నా మిక్సింగులో మాత్రం ఉండదు కదా! ఇదీ నా లెక్క. అందుకని పెద్దరికం తెచ్చుకుని అన్నాను.

"గొంతుకేం లేదమ్మా. ఆ స లు కొంచెం ఎక్కువయ్యేయి. ఈసారి చూసి పలుకు, సరిపోతాది."

ఆమె నా మొహంకేసి చూసింది. "మీరే కదండీ అలా పాడమన్నారు."

నేను అటు తిరిగి వైర్లు సర్దుకున్నాను. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నూకరాజు వచ్చినప్పుడల్లా ఒకటే బాధ. "మరదలు మాట మార్సేసిందండి. అద్దం ముందల నిలబడి చ, చ అని పలుకుతంది. మా అత్త ఏడుస్తంది, ఈ ఆడగుంట సొంత ఇంట్లో సుట్టంలాగ మాటాడతందని. కొత్త పాట కట్టేను, పాడమంటే పాడదు. ముందు నోరు తిన్నగా అవనీ బావా అంటంది."

కుక్కర్ విజిల్

కాంతం ఒకరోజు కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ వచ్చేక కట్టెయ్యమని చెప్పి పక్కింటికి వెళ్ళింది. నేను వంటింటి గుమ్మం పక్కనే పేపరు చదువుకుంటన్నాను. కాసేపటికి ఆమె పరుగున వచ్చింది. పప్పు మాడి బొగ్గయింది.

"వీధిలోకి వినపడతన్నాయి విజిల్సు! మీకేటయింది?"

"ఒక్కటీ రాలేదే," అన్నాను. నిజంగానే అన్నాను.

కాంతం నాతో వాదించలేదు.  ఆమెకి ఎప్పటినుంచో అనుమానం ఉన్నట్టుంది. ఆ వారమే విశాఖపట్నం తీసుకెళ్ళింది.

చెవుల పరీక్ష గది మా స్టూడియో గదిలాగే ఉంది. గోడలకి మెత్తలు, చెవులకి హెడ్‌ఫోన్స్. చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతల ఒక అమ్మాయి కూర్చుని మీటలు నొక్కుతోంది. లావు చప్పుళ్ళు, మధ్య చప్పుళ్ళు, టకటకా నొక్కేను. తర్వాత ఏమీ రాలేదు. పరీక్ష అయిపోయిందనుకుని తలెత్తి చూసేను. అద్దం అవతల ఆ అమ్మాయి వేళ్ళు ఇంకా మీటలు నొక్కుతూనే ఉన్నాయి. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. నా చెవుల్లో నిశ్శబ్దం. 

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా వెళ్ళి, అక్కణ్ణుంచి డాబా అంచు దాటినట్టు కిందికి పడిపోయింది.

"స, ఫ లాంటి శబ్దాలు మీకు సరిగా అందడం లేదండి. మనిషి మూతి చూసి, అలవాటు మీద అర్థం చేసుకుంటున్నారు. చాలా ఏళ్ళ నుంచే ఉండి ఉంటుంది," అంది ఆ అమ్మాయి. "ఇంతకీ మీరు ఏం చేస్తుంటారండి?"

"సౌండ్ రికార్డిస్టుని," అన్నాను.

ఆ పిల్ల పెన్ను ఆపి కాంతంకేసి చూసింది.

బస్సులో అనకాపల్లి వచ్చేదాకా కాంతం నా చెయ్యి వదల్లేదు. నాకు మాత్రం ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. నూకరాజు "గుచ్చతన్నట్టుందండి" అనడం. ఆ పిల్ల "మీరే కదండీ అలా పాడమన్నారు" అనడం. తప్పు ఆమె నోట్లో లేదు. నా చేతికింద ఉన్న నాబ్‌లో ఉంది.

నాలుగు నెలలు

మర్నాడే వెళ్ళి చెప్పాలి కదా. చెప్పలేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేను గానీ గుమ్మం దాటలేదు. ఫోను తీస్తాను, పేరు దాకా వెళ్తాను, పెట్టేస్తాను. కొత్త పని ఎవరు తెచ్చినా నడుం నొప్పని, స్టూడియో మూసేస్తన్నానని చెప్పేను. ఉన్న పేరు పోతుందని భయం. సూరిబాబు చెవి అంటే చెవి అని నా గురించి అన్నారు ఇన్నాళ్ళూ. నా దగ్గర చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క పేరే. దాన్ని కాపాడుకోడానికి ఆ పిల్ల అద్దం ముందు నిలబడితే నిలబడనిచ్చేను. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

స్టూడియో మూసేస్తన్నానని తెలిసి ఊళ్ళో కళాసమితి వాళ్ళు సన్మానం పెట్టేరు. వద్దన్నాను, వినలేదు. శాలువా కప్పేరు. ఒకాయన మైకు పట్టుకుని "ఈ చెవి మన చోడవరానికే బంగారు చెవి" అన్నాడు. అందరూ చప్పట్లు. నా చొక్కా జేబులో పరీక్ష కాగితం నాలుగు మడతల్లో ఉంది. ఎందుకు పెట్టుకెళ్ళేనో తెలీదు.

ఆ తర్వాత సత్యవేణిని పాడమన్నారు. "సెరుకు సేను"లోంచి మొదటి పాట. మొదటి వరసలో కూర్చున్నాను కాబట్టి ఆమె మూతి తిన్నగా కనిపిస్తంది. ప్రతి చ ముందూ పెదాలు ఒక్క క్షణం ఆగి, సర్దుకుని, అప్పుడు పలుకుతన్నాయి. కొత్త చెప్పులు కరుస్తన్న మనిషి నడకలాగ ఉంది. నవ్వు లేదు, ఆ దెబ్బలాట లేదు. చెప్పకుండా వెళ్ళిపోకు అని ఎంతో మర్యాదగా, ఎవరికీ కాకుండా పాడింది. జనం కూడా మర్యాదగా చప్పట్లు కొట్టేరు. ఆమె దిగొచ్చి నా కాళ్ళకి దండం పెట్టి, "ఇప్పుడు బాగుందా మాస్టారూ?" అంది.

తల కొట్టేసినట్టయింది. "బాగుందమ్మా" అన్నాను. ఛీ, అప్పుడు కూడా!

బుచ్చయ్యపేట

మర్నాడు మొదటి బస్సెక్కేను. బళ్ళో మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా గేటు దగ్గర పచార్లు చేసేను. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి సత్యవేణి వరండాలోకి వచ్చింది. నన్ను చూసి కంగారుపడింది.

"ఏమయింది మాస్టారూ? అమ్మగారు బాగున్నారా?"

కాగితం మడత విప్పి చేతిలో పెట్టేను. "ఇది నా చెవి," అన్నాను. గీత ఎక్కడ పడిపోయిందో వేలు పెట్టి చూపించేను. "స ఇక్కడుంటాది. నాకు వినపడదు. వినపడక పెంచేను. నీ గొంతులో ఏమీ లేదు. నీ నోట్లో ఏమీ లేదు. నూకరాజు చెప్పేడు, వాడి నోరు మూయించేను. తప్పంతా నాది."

ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది. పైన తేదీ ఉంది. అక్కడ ఆగింది.

"ఇది నాలుగు నెల్ల కిందటిది."

"అవును."

"నిన్న తెలుసా మీకు? నాను అడిగినప్పుడు?"

"తెలుసు."

"బాగుందన్నారు."

 ఆమె గొంతు లేచింది. అన్నం తింటన్న పిల్లలు తలలెత్తి చూసేరు.

"నాను అద్దం ముందల నిలబడి నా నోరు నానే సీదరించుకున్నాను మాస్టారూ! మా అమ్మ మాటాడతంటే సిగ్గుపడ్డాను. మా అమ్మకి! అది మాటాడినట్టు మాటాడితే పాటకి పనికిరాననుకున్నాను. ఈ బడి గుంటలకి కూడా రోజూ దిద్దతన్నాను, అలా కాదు ఇలా పలకండని. ఒక్క మాట సెప్తే సరిపోయేది కదా! ఒక్క మాట సెప్పడానికి మీకేటి అడ్డమొచ్చింది?"

"భయమమ్మా," అన్నాను. "పేరు పోతాదని భయం."

"మరి నాది పేరు కాదేటి?"

  ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కాగితం మడిచి నాకిచ్చేసింది. వెళ్ళబోయి ఆగింది.

"బావని మళ్ళీ సెయ్యమనండి, ఎనిమిది పాటలూ. పాతవే, నాను అప్పుడు పాడినవే. మీరు మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోను," అన్నాను.

మళ్ళీ మిక్సింగు

నా కుర్చీలో నూకరాజు కూర్చున్నాడు. నేను వెనకాల స్టూలు మీద. సంగతి చెప్పగానే వాడు పాత ఫైళ్ళు తెరిచేడు, అదే ఎక్కువ బాధనిపించింది. మూడు ఆదివారాలు పట్టింది. సింథ్‌నీ గానుగనీ వాడు కదపలేదు. గొంతులో నేను పెంచినవన్నీ ఒక్కొక్కటీ దించేడు, నేను పీకేసిన పనిముట్టు మళ్ళీ పెట్టేడు. మధ్యలో అలవాటు కొద్దీ నా చెయ్యి రెండుసార్లు నాబ్ దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ నా చెయ్యి మీద నేనే కొట్టుకున్నాను. డాబా మీద గొట్టం మాత్రం ముందే దింపించేసేను.

కొత్తది ఇంటర్నెట్‌లో పెట్టేక ఏమయిందని అడుగుతారు. పెద్దగా ఏమీ అవలేదు. ఒకసారి చెవులు మూసుకుని వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ తిరిగి రారు. ఆ వీడియోల పెద్దమనిషికి నూకరాజు రాసేడు, జవాబు లేదు. మొదటిసారి బయటికి వెళ్ళిందే మీ పని, పిల్లలూ. రెండోసారి అవకాశం మీ మనశ్శాంతికి పనికొస్తాది గానీ పాటకి పెద్దగా పనికిరాదు.

అయితే, పెట్టేముందు సత్యవేణి విన్నది. ఆ ఒక్క మధ్యాహ్నం గురించి రాసి లేస్తాను. పిలిస్తే రాదనుకున్నాను. వచ్చింది. నాకేసి చూడకుండా కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఇంకో జత నూకరాజు నాకిచ్చేడు. ముందు పాత మిక్సు వేసేడు. ఆమె కళ్ళు చిట్లించి, భుజాలు దగ్గరికి తీసుకుంది. తర్వాత కొత్తది వేసేడు.

నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఇంజను తెలుస్తంది, సింథ్ తెలుస్తంది, గొంతు తెలుస్తంది. తేడా ఎక్కడైనా దొరుకుతాదేమో అని వెతికేను. జీవితమంతా ఈ పనే చేసేను, ఒక్క తేడా పట్టుకోలేనా అనుకున్నాను. పట్టుకోలేకపోయేను. నాకు రెండూ ఒకలాగే వినిపించేయి.

అందుకని కళ్ళు తెరిచి ఆమె మొహం చూసేను. సత్యవేణి భుజాలు దిగేయి. పెదాలు కదులుతన్నాయి, పాటతోపాటు, ఎక్కడా ఆగకుండా, సర్దుకోకుండా. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతన్నాయి, తుడుచుకోడం లేదు. పాట అయిపోయింది. నూకరాజు నాకేసి తిరిగి "ఎలాగుంది మాస్టారూ?" అన్నాడు, పాత అలవాటు మీద.

"నన్నడక్కురా," అన్నాను. "ఆమెనడుగు."